ఆబోతుకు పాలుండవు

పాడిపశువును బేరమాడటానికి సంతకు వెళ్లిన రైతు చేతులు ఊరికే ఉండవు. పొదుగు నిమిరి చూస్తాడు. నాలుగు చన్నులూ పిండి చూస్తాడు. పొట్ట కింద పాలనరం ఎంత లావుగా, ఎన్ని వంకర్లు తిరిగి ఉందో వేలితో తడుముతాడు. పళ్లు చూసి వయసు కడతాడు, కొమ్ముల మీది వలయాలు చూసి ఎన్నో ఈతో పోల్చుకుంటాడు. సుడులు చూడకుండా డబ్బు తీయడు. అప్పటికీ నమ్మకం కుదరకపోతే రెండు పూటలా దగ్గరుండి పాలు తీయించుకుంటాడు. అదే రైతుకు తన ఆవును ఏ ఆబోతుకు దాటించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు చూడటానికి మిగిలేది తక్కువ. ఎత్తు, మూపురం, గంగడోలు, నడక, పొగరు. అంతే. ఆబోతుకు పొదుగు లేదు. కానీ పుట్టబోయే పెయ్య పాలల్లో సగం వాటా దానిదే. పైగా ఒక ఆవు బతికినంత కాలానికి ఏడెనిమిది దూడలను ఈనితే గొప్ప. వీర్యాన్ని గడ్డకట్టించి దాచే ఈ కాలంలో ఒక్క ఆబోతు లక్షల దూడలకు తండ్రి కాగలదు.

పశువుల డాక్టర్ల చదువులో జన్యుశాస్త్రం, ప్రజననం అనే విభాగం అంతా ఈ చిక్కు చుట్టూనే పెరిగింది. కంటికి కనిపించని గుణాన్ని, అది అసలు లేని జంతువులో, ఎలా కొలవాలి? నూరేళ్లుగా దీనికి వచ్చిన జవాబులను ఒకచోట పెట్టి చూడాలని ఈ వ్యాసం. నేను చదివినంతలో, చూసినంతలో నాకు స్థిరపడిన అభిప్రాయం ముందే చెబుతాను. జాతిని మార్చేది రాతపుస్తకం. ఆ పుస్తకంలో ఏ గడి ఉందో జాతి ఆ దిక్కుకే నడుస్తుంది. లేని గడికి సంబంధించిన గుణం కొన్ని తరాల్లో మందలోంచి జారిపోతుంది.

ఇంగ్లండులో లీసెస్టర్‌షైర్‌లోని డిష్లీ అనే చోట రాబర్ట్ బేక్‌వెల్ (1725–1795) అనే రైతు ఉండేవాడు. ఆయన తన పొట్టేళ్లను అమ్మేవాడు కాదు, కారుకింత అని అద్దెకు ఇచ్చేవాడు. అద్దెకు తీసుకున్నవారి మందల్లో పిల్లలు ఎలా వచ్చాయో కనిపెట్టి, మంచి సంతానాన్నిచ్చిన పొట్టేలును తన మందకు తిరిగి తెచ్చుకునేవాడు. పిల్లలను చూసి తండ్రికి విలువ కట్టడం అన్న ఆలోచన అప్పటికే ఉందన్నమాట. లేనిది గణితం. మెండెల్ బఠాణీల లెక్క 1866లో అచ్చయినా 1900 దాకా ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నాక కూడా అది పశువుల మందకు వెంటనే పనికిరాలేదు. బఠాణీ పొడుగో పొట్టో తేల్చి చెప్పవచ్చు. పాలు అలా రెండు రకాలుగా ఉండవు, అర లీటరు నుంచి ముప్పై లీటర్ల దాకా ఎక్కడైనా ఆగుతాయి. ఇలాంటి గుణం వెనుక ఎన్నో జన్యువులు తలా కొంచెం పనిచేస్తాయని, అలా పనిచేస్తే బంధువుల మధ్య పోలిక ఎంత ఉండాలో లెక్కగట్టవచ్చని 1918లో రోనాల్డ్ ఫిషర్ చూపించాడు. అమెరికాలో స్యూయల్ రైట్ గినీ పందులను తరతరాలుగా సొంత రక్తంలోనే కలుపుతూ, దగ్గరి చుట్టరికపు కలయికను కొలిచే పద్ధతిని 1922లో ఇచ్చాడు.

ఈ ఇద్దరి గణితాన్ని పశువుల కొట్టంలోకి తెచ్చినవాడు జే లష్ (1896–1982). అమెరికాలోని అయోవా రాష్ట్ర కళాశాలలో 1930లో చేరిన ఈయన, రైట్ పాఠాలు వినడానికి షికాగో దాకా వెళ్లివచ్చేవాడు. 1937లో ఆయన రాసిన ‘యానిమల్ బ్రీడింగ్ ప్లాన్స్’ ఈ శాస్త్రానికి మొదటి పాఠ్యపుస్తకమైంది. లష్ వేసిన ప్రశ్న చాలా మామూలుది. ఒక ఊళ్లో రెండు ఆవులు. ఒకటి పూటకు ఐదు లీటర్లు, ఇంకొకటి మూడు. ఆ రెండు లీటర్ల తేడాలో రక్తం ఇచ్చింది ఎంత, పచ్చిమేత, తవుడు, ఇంటావిడ ఓపిక ఇచ్చింది ఎంత? తేడాలో తరువాతి తరానికి దిగే వాటాకు అనువంశికత అని పేరు. పాల విషయంలో అది పావు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. మాంసపు పశువుల బరువులో ఇంకా ఎక్కువ, నలభై శాతం దరిదాపుల్లో. చూడి కట్టే గుణంలో ఐదు శాతం కూడా ఉండదు.

ఈ అంకెలను రైతు భాషలోకి మార్చి చూస్తే వాటి బరువు తెలుస్తుంది. తోటి ఆవుల కంటే ఈతకు వెయ్యి లీటర్లు ఎక్కువ ఇచ్చే ఆవులను, అంతే గొప్ప తండ్రులతో దాటించామనుకోండి. కూతుళ్లలో సగటున నిలిచేది 250 నుంచి 300 లీటర్లు. మిగతాదంతా తవుడు, నీళ్లు, అదృష్టం. “మేలుజాతి ఆవు కొన్నాను, దాని పెయ్య అలా రాలేదు” అని వాపోయే రైతును ఎవరూ మోసం చేసి ఉండకపోవచ్చు. పెయ్యకు దిగాల్సినంతే దిగింది.

ఇక ఆబోతు మాట. 1940లలో ఐరోపా, అమెరికాల్లో కృత్రిమ గర్భధారణ పల్లెలకు చేరింది. మన దేశంలో మొదటి ప్రయత్నం 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో సంపత్ కుమారన్ చేశారు. 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ గ్లిసరిన్ కలిపితే వీర్యకణాలు గడ్డకట్టినా చావవని కనుక్కున్నారు. దాంతో ఒక ఆబోతు కూతుళ్లు వందల ఊళ్లలో పుట్టడం మొదలైంది. దీన్ని సదవకాశంగా పట్టుకున్నవాడు ఎడిన్‌బరోలోని అలన్ రాబర్ట్‌సన్. ఈయన చదువు రసాయనశాస్త్రం. యుద్ధకాలంలో వైమానిక దళానికి లెక్కలు కట్టిపెట్టాడు. ఆ అలవాటుతోనే, జేమ్స్ రెండెల్‌తో కలిసి, ఆవుల దగ్గరకు వచ్చాడు. ఆయన చెప్పిన సూత్రం ఇది: ఆబోతు కూతురిని దాని తల్లితో పోల్చవద్దు. తల్లి పాలిచ్చిన ఏడు వేరు, ఆ ఏటి వాన వేరు. అదే కొట్టంలో, అదే ఏడు, అదే ఈతలో ఉన్న ఇతర ఆబోతుల కూతుళ్లతో పోల్చు. తోటివాళ్ల మధ్య నిలబెట్టి చూస్తే మేత తేడా దానంతట అదే కొట్టుకుపోతుంది.

మంచి సూత్రం. కానీ ఒక చోట తడబడుతుంది. ఒక కొట్టంలో ఉన్న తోటి ఆవులన్నీ గొప్ప ఆబోతుల కూతుళ్లే అయితే, వాటి మధ్య మంచి ఆవు కూడా మామూలుగా కనిపిస్తుంది. నాసిరకం కొట్టంలో మామూలు ఆవు రాణిలా కనిపిస్తుంది. ఈ ముడి విప్పినవాడు చార్లెస్ హెండర్సన్ (1911–1989). అయోవాలో చదివి 1948లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. ఆయన పద్ధతిని ఆ రంగంలో అందరూ ‘బ్లప్’ అంటారు. ప్రతి ఊరి మేత ప్రభావాన్నీ, ప్రతి ఆబోతు రక్తపు విలువనూ వేర్వేరుగా కాక ఒకే పెద్ద సమీకరణాల గుంపుగా రాసి, అన్నిటినీ ఒకేసారి తేల్చాలన్నది దాని సారం. ఒక ఆబోతు వీర్యం పది ఊళ్లకు వెళ్లిందంటే ఆ పది ఊళ్లనూ కలిపే తాడు దొరికినట్టే. ఆ తాడు పట్టుకుని ఏ ఊరి మేత ఎంతో, ఏ తండ్రి విలువ ఎంతో విడదీయవచ్చు.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దపు పశుశాస్త్రం చేసిన పనుల్లో దీని పక్కన నిలిచేవి చాలా తక్కువ. బ్లప్‌కు ప్రతి జంతువుకూ మిగతా ప్రతి జంతువుతో ఉన్న చుట్టరికం కావాలి. లక్ష ఆవులుంటే ఆ పట్టికలో వెయ్యి కోట్ల గడులు. దాన్ని తలకిందులు చేయాలి, అంటే గణితం చెప్పే విలోమం కట్టాలి. 1970ల కంప్యూటర్లకు అది సాధ్యమయ్యే పని కాదు. ఆ విలోమాన్ని కట్టనవసరం లేదని, నేరుగా రాసుకోవచ్చని 1975–76లో హెండర్సన్ చూపించాడు. ఒక్కో జంతువుకూ మూడే పేర్లు కావాలి: తను, తండ్రి, తల్లి. వంశావళి చదువుకుంటూ పోతూ కొన్ని చిన్న అంకెలు కలుపుకుంటూ పోతే చాలు, మొత్తం పట్టిక సిద్ధమవుతుంది. తాతలు, పెదతండ్రుల కూతుళ్లు, సవతి అక్కచెల్లెళ్లు అందరూ ఆ మూడు పేర్లలోంచే లెక్కలోకి వస్తారు. అమెరికా దేశమంతటి పాడి ఆవులకు ఈ పూర్తి పద్ధతిని 1989లో అమలు చేశారు. హెండర్సన్ చనిపోయింది కూడా ఆ ఏడే.

ఈ లెక్కలు ఏం సాధించాయి? 1944లో అమెరికాలో రెండున్నర కోట్ల పాడి ఆవులుండేవి, ఒక్కోటి ఏడాదికి సుమారు 2,070 కిలోల పాలిచ్చేది. 2007 నాటికి ఆవులు 92 లక్షలకు తగ్గాయి, ఒక్కోదాని పాలు 9,190 కిలోలకు పెరిగాయి. ఆ పెరుగుదలలో సగానికి అటూఇటూ రక్తం మారడం వల్ల వచ్చింది, మిగిలింది మేత, వైద్యం. కోళ్లలో ఇంకా కళ్లకు కట్టినట్టు చూపించవచ్చు. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వారు 1957 నాటి రకాన్నీ, 1978 నాటి రకాన్నీ, 2005 నాటి బ్రాయిలర్‌నూ ఒకే మేత పెట్టి పక్కపక్కన పెంచారు. 56 రోజులకు మొదటిది 900 గ్రాములు, రెండోది 1,800 గ్రాములు, మూడోది 4,200 గ్రాములు తూగాయి. మేత ఒకటే గనక ఆ తేడా అంతా రక్తానిదే.

గెలుపు ఇంత స్పష్టంగా ఉన్నచోట నష్టం ఆలస్యంగా బయటపడింది. 1962లో పుట్టిన ‘పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్’ అనే హోల్‌స్టీన్ ఆబోతుకు 16,000 మంది కూతుళ్లు. మనవరాళ్లు ఐదు లక్షలు, మునిమనవరాళ్లు ఇరవై లక్షలు. నేటి హోల్‌స్టీన్ రక్తంలో దాదాపు 14 శాతం ఆ ఒక్కదానిదే. దాని కూతుళ్లు పాల నదులు పారించిన మాట నిజం. దాని ఒంట్లో ఒక దెబ్బతిన్న జన్యువు కూడా ఉంది. ఒక వైపు నుంచి వస్తే ఏమీ కాదు. తల్లి, తండ్రి రెండు వైపుల నుంచీ వస్తే పిండం కడుపులోనే పోతుంది. 2016లో ఆ లోపాన్ని కనుక్కునే నాటికి, ప్రపంచమంతటా ఐదు లక్షలకు పైగా చూడులు ఆ కారణంగా పోయి ఉంటాయని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఉత్తర అమెరికాలో కృత్రిమ గర్భధారణకు వాడే హోల్‌స్టీన్ ఆబోతుల మగ వంశాలన్నిటినీ వెనక్కి తవ్వుకుంటూ పోతే 19వ శతాబ్దపు రెండు ఆబోతుల దగ్గరే ఆగుతాయి. లక్షలాది ఆవులున్న జాతి, జన్యువుల వైవిధ్యం లెక్కన చూస్తే వందలోపు జంతువుల మందతో సమానం. బ్లప్‌లోనే ఈ ప్రమాదానికి మూలం ఉంది. చుట్టాల సమాచారం వాడుకునే లెక్క కనుక అది ఒకే ఇంటి చుట్టాలను ఎంచుతుంది. అలా ఎంచినప్పుడు ఎంత దగ్గరి రక్తం కలుస్తోందో చూసుకునే కళ్లెం వేరే వేయాలి. ఆ కళ్లెం వేయడంలో అక్కడి వ్యాపారాలు చాలా ఆలస్యం చేశాయి.

పాలు ఒక్కటే గడిగా పెట్టుకున్న దేశాల్లో ఆవులు చూడి కట్టడం తగ్గింది, పొదుగువాపు పెరిగింది. నార్వే వేరే దారిలో వెళ్లింది. అక్కడి రెడ్ జాతికి 1970లలోనే చూడి కట్టే గుణాన్నీ, పొదుగువాపునూ ఎంపికలో చేర్చారు. వైద్యుడు కొట్టానికి వెళ్లిన ప్రతిసారీ ఆవు కార్డు మీద జబ్బు పేరు రాసేవాడు. అనువంశికత ఐదు శాతమే ఉన్న గుణం మారదని అందరూ అనుకునే రోజులవి. వేల కూతుళ్ల కార్డులు పోగుపడితే ఆ ఐదు శాతం కూడా పట్టుబడుతుందని నార్వే చూపించింది. అక్కడి ఆవు పాలు తగ్గకుండానే ఆరోగ్యం మెరుగైంది.

ఇదే పాఠాన్ని కోళ్లతో చెప్పినవాడు అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయపు విలియం మ్యూర్. ఒక్క పంజరంలో చాలా కోళ్లను పెట్టి, అన్నిటికంటే ఎక్కువ గుడ్లు పెట్టినదాన్ని ఎంచుతూ పోతే, పక్కవాటిని పొడిచి తన గుడ్లు పెంచుకునే కోడి మిగులుతుంది. మ్యూర్ కోడిని విడిగా ఎంచలేదు. పంజరం మొత్తం పెట్టిన గుడ్లు చూసి, మంచి పంజరాల కోళ్లన్నిటినీ కలిపి తరువాతి తరానికి వాడాడు. ముక్కులు కత్తిరించని ఆ కోళ్లలో ఏడాది చావులు 68 శాతం ఉండేవి. రెండు తరాలు తిరిగేసరికి 8.8 శాతానికి పడిపోయాయి. గుడ్లు తగ్గకపోగా పెరిగాయి. కొలిచే కొలమానం మారితే జంతువు స్వభావమే మారుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

2001లో మూవిసెన్, హేస్, గొడార్డ్ అనే ముగ్గురు ఒక వ్యాసం రాశారు. జన్యుపదార్థమంతటా దగ్గరదగ్గరగా గుర్తులు దొరికితే, ఏ జన్యువు ఏం చేస్తుందో తెలియకపోయినా, అన్ని గుర్తుల విలువలనూ కూడి దూడ విలువ చెప్పవచ్చన్నారు. అప్పటికి అలాంటి గుర్తులు లేవు. 2009లో మోంటానాలోని డామినెట్ అనే హియర్‌ఫోర్డ్ ఆవు జన్యుక్రమం అచ్చయింది. యాభై వేల గుర్తులు చదివే చిప్ అంతకు ముందే బజారుకు వచ్చింది. 2009 జనవరి నుంచి అమెరికాలో దూడ చెవి ముక్కతోనో తోక వెంట్రుకతోనో ఆబోతు విలువ అధికారికంగా కట్టడం మొదలుపెట్టారు. ఇదివరకు ఆబోతు కూతుళ్లు పుట్టి, పెరిగి, ఈని, పాలిచ్చేదాకా ఆగాలి. ఆబోతులకు తండ్రులయ్యే వాటి సగటు వయసు ఏడేళ్లు ఉండేది. అది రెండున్నరేళ్లకు దిగింది. తరం దగ్గరపడితే మెరుగుదల వేగం అంత పెరుగుతుంది.

ఇది విన్నవారెవరికైనా మన ఒంగోలు దూడకూ, పుంగనూరు దూడకూ వెంటనే చిప్ పెట్టేయవచ్చు కదా అనిపిస్తుంది. చిప్ తనంతట తాను ఏ విలువా చెప్పదు. ఏ గుర్తు ఎన్ని లీటర్లకు సమానమో దానికి ఎవరో నేర్పాలి. నేర్పేది వేల జంతువుల పాల లెక్కలు. అమెరికా దగ్గర దశాబ్దాల కూతుళ్ల పుస్తకాలు ఉన్నాయి కాబట్టి చిప్ రాగానే మాట్లాడింది. పుస్తకం లేని చోట అది ఒట్టి గాజుముక్క. ఇంకో సంగతి, యూరపు ఆవుల్లో ఏరిన గుర్తులు మన మూపురపు ఆవులకు సరిగా సరిపోవు. ఈ రెండు వంశాలూ మచ్చికకు ముందే, లక్షల ఏళ్ల కిందటే విడిపోయాయి. అందుకే హైదరాబాద్‌లోని జాతీయ జంతు బయోటెక్నాలజీ సంస్థ మన ఆవులకే 11,496 గుర్తులతో ‘ఇండిగౌ’ చిప్ తయారుచేసింది. అది 2021 ఆగస్టులో వచ్చింది. గిర్, కాంక్రేజ్, సాహివాల్, ఒంగోలు వంటి జాతుల స్వచ్ఛతను తేల్చడం దాని మొదటి పని. ఆవులకు ‘గౌ చిప్’, గేదెలకు ‘మహిష్ చిప్’ 2024 అక్టోబరులో వచ్చాయి. పనిముట్లు చేతికొచ్చాయి. వాటికి నేర్పే పుస్తకం మాటే మిగిలింది.

ఒంగోలు కథ తెలుగువాళ్లందరికీ సగం తెలుసు. గుండ్లకమ్మ పరీవాహకపు నేలల్లో, సజ్జ, జొన్న చొప్ప తిని, దుక్కికీ బండికీ పెరిగిన ఎద్దు జాతి. ఊళ్లో పెద్ద చనిపోతే మంచి కోడెదూడను ఎంచి, అచ్చువేసి దేవుడి పేర ఆబోతుగా వదిలే ఆచారం ఉండేది. ఎవరి చేలో పడ్డా కొట్టేవారు కాదు. అది ఊరంతా కలిసి నడిపిన ఎంపిక. ఎంచే పెద్దల కంటికి పదును ఉంది, దూడ తల్లి ఎలాంటిదో వాళ్లకు నోటిలెక్కగా తెలుసు. రాత లేదు.

ఇవే పశువులు 19వ శతాబ్దంలో బ్రెజిల్ చేరాయి. 1868లో బయియా రేవులో ఒక జత దిగింది. 1878లో లెమ్‌గ్రూబర్ అనే రైతు హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి కొన్నిటిని కొన్నాడు. ఒంగోలు తాలూకా అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది, అందుకే అక్కడ వీటికి ‘నెలోరే’ అన్న పేరు స్థిరపడింది. 1938లో అక్కడ వంశావళి పుస్తకం తెరిచారు. 1960ల మొదట్లో చివరి పెద్ద దిగుమతి జరిగింది. ఆ పశువులను ఫెర్నాండో ది నొరోన్యా అనే దీవిలో విడిగా ఉంచి, జబ్బులు లేవని తేల్చుకున్నాకే దేశంలోకి రానిచ్చారు. అలా వెళ్లినదే కరవది ఊరి పేరు మోసుకుపోయిన ‘కర్వాడి’. తాజ్‌మహల్, గోదావరి అన్న పేర్లతో ఇంకొన్ని ఆబోతులూ వెళ్లాయి. నేటి నెలోరే వంశావళుల్లో ఈ పేర్లు పదే పదే కనిపిస్తాయి. భారతదేశం నుంచి అక్కడికి మొత్తం మీద చేరిన మూపురపు పశువులు కొన్ని వేలే. ఇప్పుడు బ్రెజిల్‌లో ఇరవై కోట్లకు పైగా పశువులుంటే అత్యధిక భాగం నెలోరేలు, లేదా నెలోరే రక్తం కలిసినవి.

మన పత్రికలు ఈ కథను గర్వంగా రాస్తాయి. 2023లో వియాటినా-19 అనే నెలోరే ఆవుకు 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టినప్పుడు ఒంగోలు ఆవు ప్రపంచ రికార్డు అని మురిసిపోయాం. మురవడంలో తప్పు లేదు. కానీ ఆ రేటు ఏ రాతకు వచ్చిందో కూడా చూడాలి. 1988లో సావో పౌలో విశ్వవిద్యాలయానికి చెందిన రిబెయిరావ్ ప్రెతో వైద్య కళాశాల జన్యుశాస్త్ర విభాగంలో రైసిల్దో లోబో నెలోరే మెరుగుదల కార్యక్రమం మొదలుపెట్టారు. పశువైద్య కళాశాల కాదు, మనుషుల వైద్య కళాశాల. అక్కడి నుంచి రైతుల పొలాలకు వెళ్లి దూడ పుట్టినప్పటి బరువు, పాలు మానినప్పటి బరువు, ఏడాది బరువు, కోడె వృషణాల చుట్టుకొలత, పెయ్య మొదటి ఈత వయసు అన్నీ రాయించి, హెండర్సన్ లెక్కలో పోశారు. ఏటా ఆబోతుల జాబితా అచ్చువేశారు. ఇంకొన్ని సంస్థలూ అదే పని చేశాయి. మూపురపు ఆవుల జన్యుక్రమాన్ని మొదటిసారి 2012లో అచ్చువేసినప్పుడు, అందుకు ఎంచింది కూడా ఒక నెలోరే ఆబోతునే.

ఒక విషయం మాత్రం ఆలోచింపజేస్తుంది. బ్రెజిల్ నెలోరేల్లో చాలావాటి కణాల్లోని మైటోకాండ్రియా, అంటే తల్లి వైపు నుంచి మాత్రమే దిగే జన్యుపదార్థం, యూరపు ఆవులది. వెళ్లినవి ఎక్కువగా ఆబోతులు. అవి అక్కడి పోర్చుగీసు సంతతి ఆవులను దాటి, తరతరాలుగా మళ్లీ ఒంగోలు ఆబోతులతోనే దాటించబడి, చూపుకు పూర్తి ఒంగోలుగా మారిన మంద అది. దాన్ని మన జాతి అనడం సగం నిజం. పైగా వాళ్లు ఎంచింది మాంసానికి. పాలు, దుక్కి, బండి వాళ్ల గడుల్లో లేవు. అక్కడి వీర్యం తెచ్చి ఇక్కడ పోస్తే ఒంగోలు బాగుపడుతుందనేవారు, ఆ వీర్యం ఏ గడిలో మార్కులు తెచ్చుకుందో మొదట చూడాలి. గిర్ సంగతి వేరు. బ్రెజిల్ 1985 నుంచి పాడి గిర్‌కు కూతుళ్ల పాలు తూచే పరీక్ష నడుపుతోంది. అక్కడి గిర్ ఆబోతు వెనుక పాల లెక్క ఉంది.

మన ప్రభుత్వాలు 1960ల నుంచి ఎంచుకున్న దారి సంకరం. కేరళలో ఇండో-స్విస్ పథకం 1963లో మొదలై సునందిని జాతికి దారితీసింది. కర్నాల్‌లో కరణ్ స్విస్, కరణ్ ఫ్రీస్ వచ్చాయి. పల్లెల్లో జెర్సీ, హోల్‌స్టీన్ వీర్యపు సూదులు వచ్చాయి. సంకర ఆవు రోజుకు సగటున ఎనిమిది కిలోల దరిదాపుల్లో ఇస్తుంది, దేశవాళీ ఆవు మూడు నాలుగు. 2019 పశుగణనలో సంకర, విదేశీ ఆవులు ఐదు కోట్లు. ఎన్నో ఇళ్లకు నెలనెలా డబ్బు కళ్లజూపింది ఈ ఆవే. దీన్ని తిట్టడం ఇప్పుడు వాడుకైంది, నేను తిట్టలేను. పొరపాటు తరువాతి మెట్టులో జరిగింది. రెండు దూరపు వంశాలు కలిసిన మొదటి తరానికి సంకర బలం నిండుగా ఉంటుంది. ఆ సంకరాలను వాటిలోనే కలిపితే తరువాతి తరంలో ఆ బలం సగానికి పడిపోతుంది. ఎండకూ, పిడుదులకూ ఓర్చే గుణం ఎక్కడ నిలపాలో తేల్చడానికి ఊరూరా పాల లెక్కలు, రోగాల లెక్కలు రాయాల్సింది. రాయకుండానే సూదులు వేస్తూ పోయాం. సూదుల సంఖ్యే పనికి కొలమానమైంది. ఆ సూది వల్ల పుట్టిన పెయ్య ఎన్ని పాలిచ్చిందన్నది ఏ నివేదికలోనూ గడిగా లేకపోయింది.

రాయడం మన దగ్గర ఎందుకు కష్టమో కూడా చెప్పాలి. రాబర్ట్‌సన్ సూత్రానికి ఒకే కొట్టంలో తోటి ఆవులు కావాలి. మన రైతుకు ఉండేవి రెండు మూడు పశువులు. ఒకటి గేదె, ఒకటి సంకర ఆవు, ఒకటి చూడి పెయ్య. పోల్చడానికి తోడు లేదు. కాబట్టి ఊరినంతా ఒక కొట్టంగా లెక్కించి, ఒక్కో ఊళ్లో చాలా ఆబోతుల వీర్యం కలగలిపి వేసి, కొలిచే మనిషి నెలకోసారి ఇంటింటికీ వెళ్లి పాలు తూచాలి. జాతీయ పాడి పథకం కింద 2012 తరువాత గేదెలకూ, కొన్ని ఆవు జాతులకూ కొన్ని రాష్ట్రాల్లో ఈ పని క్రమంగా జరిగింది. తూర్పు ఆఫ్రికాలో చిన్న రైతుల ఆవులకు వంశావళి బొత్తిగా లేకపోతే, చిప్‌తోనే చుట్టరికాలు తేల్చి లెక్క కట్టారు. రైతు చెప్పిన జాతికీ, చిప్ చెప్పిన జాతికీ చాలాచోట్ల పొంతన లేదు. అక్కడ వీలైనది కృష్ణా, గోదావరి జిల్లాల గ్రేడెడ్ ముర్రా గేదెలకు వీలుకాకపోవడానికి నాకు కారణం కనిపించదు.

లక్ష్యాన్ని ఎవరు పెట్టాలన్న ప్రశ్నకు నాకు నచ్చిన జవాబు మహారాష్ట్రలోని ఫల్టణ్ నుంచి వచ్చింది. అక్కడి నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థలో చందా నింబ్కర్ దక్కనీ గొర్రెల మీద పనిచేశారు. దక్కనీ గొర్రె ఈతకు ఒక్క పిల్లనే ఇస్తుంది. సుందరబన్స్‌లోని చిన్న గారోల్ గొర్రెకు ఇద్దరు ముగ్గురు పుట్టడం మామూలు. దానికి కారణమైన ఒక్క జన్యువును ఆస్ట్రేలియాలో బూరూలా మెరీనోల్లో ముందు గమనించారు. 1790లలో కలకత్తా నుంచి ఓడలో వెళ్లిన బెంగాల్ గొర్రెలే దాన్ని అక్కడికి మోసుకెళ్లాయని తరువాత తేలింది. పాల లాంటి గుణాల వెనుక వేల జన్యువులుంటే, ఇక్కడ ఒక్కటే ఇంత పని చేస్తుంది. ఇది అరుదు. నింబ్కర్ బృందం గారోల్ జన్యువును దక్కనీ ఒంట్లోకి తెచ్చి, గారోల్ పొట్టితనాన్ని వదిలించి, ‘నారీ సువర్ణ’ను తయారుచేసింది. ఒక ప్రతి ఉన్న తల్లికి సగటున ఒకటిన్నర పిల్లలు. ఇద్దరికి మించి పుడితే కాపరి సాకలేడు, ఎండాకాలం తల్లికి పాలు చాలవు. అందుకని ఎక్కువ పిల్లలను కనే తల్లి ఎవరికి కావాలి, ఎంతవరకు కావాలి అన్నది కాపరుల మందల్లోనే ఏళ్ల తరబడి పరీక్షించి చూశారు.

ఆ దక్కనీ మన తెలంగాణది కూడా. కురుమల గొంగడికి ఉన్ని ఇచ్చే నల్ల గొర్రె. మాంసం కోసం నెల్లూరు పొట్టేళ్లను దించి దాటిస్తూ పోయాక మందల్లో ఉన్ని పోయింది, వడకడం పోయింది, గొంగడి నేసేవాళ్లు వేళ్ల మీద మిగిలారు. బరువు గడి ఉంది, ఉన్ని గడి లేదు. వానలో తడిసి గిట్టలు చెడకుండా మైళ్లు నడిచే గుణానికి అసలు గడే లేదు. తూర్పు ఆవుకూ అదే జరగవచ్చు. నల్లమల, అమ్రాబాద్ ప్రాంతపు పొడ తూర్పు జాతికి ఈమధ్య అధికారిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు అంటే పుస్తకానికి అట్ట వేయడం. లోపలి పేజీలు ఇంకా రాయాలి.

ఇవాళ ఒంగోలు గిత్తను నిజంగా ఎంచుతున్నది బండలాగుడు పోటీ. సంక్రాంతికీ, శివరాత్రికీ జరిగే ఆ పోటీల్లో గెలిచిన జతకు లక్షల్లో ధర. రైతులు ప్రాణం పెట్టి పెంచుతారు, ఆ ప్రేమే జాతిని ఇంతవరకూ నిలిపింది. అయితే బండ లాగే గిత్త చెల్లెలు ఎన్ని పాలిచ్చింది, నాలుగో ఏటికైనా ఈనిందా లేదా అన్నది ఆ ధరలో లేదు. ట్రాక్టరు వచ్చాక రైతు ఇంట ఒంగోలు ఆవు నిలవాలంటే ఆ రెండూ తేలాలి. లాం ఫారం, చింతలదేవి వంటి ప్రభుత్వ క్షేత్రాల్లో కొన్ని వందల ఆవులకు లెక్క ఉంటుంది. ఆబోతు విలువ తేల్చడానికి అది చాలదు. ఒక్కో ఆబోతుకు పల్లెల్లో, రైతుల మేత మీద పెరిగే కూతుళ్లు పదులకొద్దీ ఉండాలి.

పల్లెల్లో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర సూది వేయడానికి వచ్చినప్పుడు క్యాన్‌లోంచి తీసే సన్నని ప్లాస్టిక్ గొట్టం మీద చిన్న అక్షరాల్లో ఒక వరుస ముద్రించి ఉంటుంది: ఆబోతు నంబరు, జాతి, వీర్య కేంద్రం, తేదీ. సూది వేశాక ఆ గొట్టం కొట్టం పక్కన పడిపోతుంది. తొమ్మిది నెలల తరువాత పెయ్య పుడుతుంది, ఇంకో మూడు నాలుగేళ్లకు ఈనుతుంది. ఆనాటికి ఆ నంబరు పెయ్య చెవిపోగు నంబరు పక్కన ఎక్కడైనా రాసి ఉంటేనే ఆ ఇంటి పాలు ఏదో ఒక ఆబోతు ఖాతాలో పడతాయి.